శరణాలయం నుంచి ఇంటికి

ఇల్లు లేని కుక్క అనగానే మనకు ముందుగా జ్ఞాపకం వచ్చేది వీధికుక్క. టీ కొట్టు పక్కన పడుకొని, కొత్తవాడు కనిపిస్తే మొరిగి, రాత్రివేళ తన వీధి పొలిమేర దగ్గర పక్క వీధి కుక్కలతో కయ్యానికి దిగే జంతువు అది. దానికి యజమాని లేడు గాని చోటు ఉన్నది. ఏ వేళకు ఏ హోటలు వెనుక ఎంగిలి విస్తళ్ళు పడతవో, లారీ వస్తుంటే ఎటు తప్పుకోవాలో, ఏ మనిషి రాయి విసురుతాడో దానికి తెలుసు. దాని తల్లి కూడా సాధారణంగా ఆ వీధిలోనో, ఆ పక్క వీధిలోనో పుట్టినదే.

దిక్కులేని జంతువు మరొక రకం ఉన్నది. అది నిన్నటి దాకా ఒక ఇంట్లో చాప మీద పడుకొని, వేళకు పాలన్నం తిని పెరిగినది. యజమానికి బదిలీ అయినది; కొత్త ఊళ్ళో ఇల్లు అద్దెకు ఇచ్చేవారు కుక్క వద్దన్నారు. లేదా, పిల్లవాడు ముచ్చటపడి కొన్ననాడు గుప్పెడంత ఉన్న పిల్ల ఏడాది తిరిగేసరికి ముప్పై కిలోల జంతువైనది. లేదా, ఇంట్లో ముసలివారు పోయినారు, వారి పిల్లిని తీసుకొనేవారు లేరు. ఒక రాత్రి దానిని బండిలో ఎక్కించుకొని ఊరి బయట దించి వచ్చినారు. ఈ జంతువుకు రోడ్డు దాటటం రాదు. కుప్పలో ఆహారం వెతుక్కోవటం రాదు. ఆ వీధి కుక్కలు దానిని నిలువనీయవు. దించిన చోటనే రెండు మూడు రోజులు కూర్చుని, వచ్చిన ప్రతి బండిని లేచి చూస్తుంది.

ఇట్టి జంతువులను చేరదీసి, వైద్యం చేయించి, మళ్ళీ ఒక ఇంటికి చేర్చే సంస్థలే జంతు శరణాలయాలు. పైకి ఇది కేవలం జాలికి సంబంధించిన వ్యవహారంగా కనిపిస్తుంది. కాని జాలి ఒక్కటే పెట్టుబడిగా మొదలైన శరణాలయాలు పెక్కు కొద్దికాలంలోనే కిక్కిరిసి, రోగాలకు నిలయాలై, తాము కాపాడదలచిన జంతువులకే అపకారం చేసినవి. సూక్ష్మజీవుల శాస్త్రం, జంతువుల ప్రవర్తనను గూర్చిన పరిశోధన, కొంచెం గణితం తోడైన తరువాతనే ఈ పని దారిలో పడినది.

తాత్కాలిక గృహం

1860లో లండన్ నగరంలోని హాలోవే అనే పేటలో మేరీ టీల్‌బీ అనే మహిళ ఒక గుర్రపుశాలలో కుక్కల శరణాలయం ప్రారంభించినారు. దానికి పెట్టిన పేరు కొంచెం పొడుగు: ‘తప్పిపోయిన, ఆకలిగొన్న కుక్కల తాత్కాలిక గృహం’. నగర వీధులలో అనాథ బాలలు అలమటిస్తుండగా కుక్కలకు గృహమేమిటని అప్పటి పత్రికలలో హేళన వినిపించినది. 1862లో చార్లెస్ డికెన్స్ నడిపే వారపత్రికలో ఈ గృహాన్ని మెచ్చుకొంటూ ఒక వ్యాసం వెలువడినది. అందులో రెండు కుక్కల ప్రదర్శనలను పోల్చినారు. ఒకటి బహుమతుల కోసం దువ్వి నిలబెట్టిన జాతి కుక్కలది, రెండవది ఈ దిక్కులేని కుక్కలది. టీల్‌బీ 1865లో మరణించినారు. 1871లో ఆ గృహం బాటర్సీ అనే పేటకు మారినది. 1883 నుంచి పిల్లులను కూడా చేర్చుకొంటున్నది. నేటికీ అక్కడ పనిచేస్తున్నది.

ఆ పేరులోని ‘తాత్కాలిక’ అన్న మాట గమనింపదగినది. కుక్కలను జీవితాంతం ఉంచుకొనటం టీల్‌బీ ఉద్దేశం కాదు. తప్పిపోయినవి పాత యజమానికి చేరాలి, యజమాని లేనివి కొత్త ఇంటికి చేరాలి. మధ్య కాలంలో తలదాచుకొనటానికి ఒక చోటు కావాలి. ఈ ఒక్క మాటను మరచినప్పుడల్లా శరణాలయాలు దెబ్బతిన్నవి.

అమెరికాలో ఈ పని 1869లో ఫిలడెల్ఫియాలో కెరొలిన్ ఎర్ల్ వైట్, ఆమె సహచరులు స్థాపించిన మహిళా సంఘంతో మొదలైనది. అంతకు పూర్వం అక్కడి నగరాలలో ఉన్నవి మన పల్లెల బందెలదొడ్డి వంటివే. తప్పిపోయిన పశువును కట్టివేసి, యజమాని జరిమానా కట్టి విడిపించుకొనే దాకా ఉంచే చోటు అది. ఆవుకు వెల ఉన్నది కనుక ఎవరో ఒకరు వచ్చి విడిపించుకొంటారు. కుక్కకోసం వచ్చేవారు తక్కువ. న్యూయార్కులో అట్లా మిగిలిపోయిన కుక్కలను ఇనుప బోనులో పెట్టి నదిలో ముంచి చంపేవారు. 1894లో ఆ బాధ్యత జీవకారుణ్య సంఘానికి వచ్చినది. చంపే పద్ధతి మారినది గాని, చంపటం ఆగలేదు. వచ్చే జంతువులకు, దొరికే ఇండ్లకు పొంతన లేకపోవటమే అందుకు కారణం. 1970 దశకం ఆరంభంలో అమెరికా శరణాలయాలలో ఏటా 1 కోటి 20 లక్షల నుంచి 2 కోట్ల దాకా కుక్కలు, పిల్లులు చంపబడినవని అంచనా. 2019 నాటికి ఆ సంఖ్య సుమారు 9 లక్షల 20 వేలకు దిగినది. ఆ సంవత్సరం శరణాలయాలకు వచ్చిన 63 లక్షల జంతువులలో సుమారు 41 లక్షలకు కొత్త ఇండ్లు దొరికినవి.

ఈ మార్పుకు మొదటి కారణం సంతాన నిరోధక శస్త్రచికిత్స. కుక్క గర్భం సుమారు 63 రోజులు. పిల్లిది కూడా ఇంచుమించు అంతే. ఆడపిల్లి నాలుగైదు నెలల వయస్సుకే గర్భం ధరించగలదు, ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనగలదు. ఈ వేగంతో ఇండ్లను పుట్టించటం ఎవరి తరమూ కాదు. 1971లో లాస్ ఏంజిల్స్ నగరపాలక సంస్థ తక్కువ ఖర్చుతో ఈ శస్త్రచికిత్స చేసే ఆసుపత్రి తెరచినది; తరువాత అటువంటివి దేశమంతటా వెలసినవి. ఇప్పుడు మంచి శరణాలయం ఏదైనా జంతువును శస్త్రచికిత్స చేయించే దత్తత ఇస్తుంది. మరీ చిన్న పిల్లలైతే, వయస్సు వచ్చినప్పుడు చేయిస్తామని తీసుకొనేవారి చేత మాట రాయించుకొంటుంది.

వచ్చేవారు, ఉండేవారు, పోయేవారు

రెండవ కారణం లెక్కలో ఉన్నది. అది ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడా తెలిసే లెక్క.

1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు వరుసలను గూర్చి ఒక సూత్రం నిరూపించినాడు. ఒక చోటికి రోజుకు సగటున ఎందరు వస్తారో తెలిస్తే, ఒక్కొక్కరు సగటున ఎన్ని రోజులు ఉంటారో తెలిస్తే, ఆ రెంటినీ గుణించగా వచ్చేదే అక్కడ ఏ వేళనైనా సగటున ఉండేవారి సంఖ్య. తపాలా కార్యాలయంలో నిలబడే వరుసకు, ఆసుపత్రి మంచాలకు, విద్యార్థుల వసతిగృహానికి ఒకే సూత్రం వర్తిస్తుంది. తరగతిలో చెప్పదలచిన ఉపాధ్యాయులు వసతిగృహంతో మొదలుపెట్టవచ్చును.

ఒక శరణాలయానికి రోజుకు 5 కుక్కలు వస్తున్నవనుకొందాం. ఒక్కొక్కటి ఇల్లు దొరికేసరికి 20 రోజులు పడుతున్నది. అప్పుడు అక్కడ ఎల్లప్పుడూ సగటున 100 కుక్కలు ఉంటవి. గదులు 60 మాత్రమే ఉన్నవి. సామాన్యంగా తోచే ఉపాయం మరి 40 గదులు కట్టటం. కాని అదే కుక్క 20 రోజులకు బదులు 12 రోజులలో ఇల్లు చేరగలిగితే, ఐదు పన్నెండ్లు అరవై. ఉన్న గదులే సరిపోతవి. ఏటా ఇండ్లకు చేరే కుక్కల సంఖ్య మాత్రం తగ్గదు. ఇటుకలతో, సిమెంటుతో కావలసిన పనిని ఎనిమిది రోజులు చేసిపెట్టినవి.

ఈ లెక్క వెనుకకు కూడా తిరుగుతుంది. ఇద్దరు ఉండవలసిన గదిలో నలుగురిని కుక్కితే ఒకదాని రోగం మరొకదానికి అంటుతుంది. రోగం వచ్చిన కుక్కను దత్తత ఇవ్వకూడదు కనుక అది మరి రెండు వారాలు ఉండవలసి వస్తుంది. ఉండే రోజులు పెరిగితే గుంపు పెరుగుతుంది, గుంపు పెరిగితే రోగం పెరుగుతుంది. మంచి మనస్సుతో ‘ఒక్క కుక్కనైనా కాదనము’ అని మొదలుపెట్టిన శరణాలయాలు పెక్కు కూలిపోయినది ఈ సుడిలో పడే.

అందువల్ల శరణాలయంలో ప్రతి పనికీ ఒకే పరీక్ష పెట్టవచ్చును: ఈ పని వల్ల జంతువు ఇక్కడ ఉండే రోజులు తగ్గుతున్నవా, పెరుగుతున్నవా?

గుమ్మం దగ్గర

జంతువు వచ్చిన వెంటనే చేసే మొదటి పని టీకా. రేపు చూద్దామంటే కుదరదు. ఎందుకో పార్వో అనే వైరస్ కథ చెబుతుంది. 1978లో మొదటిసారి గుర్తించిన ఈ వైరస్ సుమారు రెండేండ్లలో ప్రపంచమంతటా వ్యాపించినది. ఇది సోకిన కుక్కపిల్లకు వాంతులు, నెత్తురు విరేచనాలు పట్టుకొంటవి. వైద్యం అందకపోతే చాలా వరకు చనిపోతవి. మలం ద్వారా నేల మీద పడిన వైరస్ నెలల తరబడి బ్రతికే ఉంటుంది. సబ్బు నీళ్ళు దానిని చంపలేవు. నీళ్ళలో కలిపిన బ్లీచింగు ద్రావణం చంపుతుంది.

కుక్కపిల్లలకు టీకా ఒక్కసారి వేస్తే చాలదు. పుట్టిన తొలి రోజున త్రాగిన జున్నుపాల ద్వారా తల్లి నుంచి ప్రతిరక్షకాలు వాటి రక్తంలో చేరతవి. అవి పిల్లను కాపాడతవి గాని, టీకాలోని మందును కూడా శత్రువని భావించి పనిచేయనీయవు. కొన్ని వారాలకు అవి తరిగిపోతవి. ఏ పిల్లలో ఏ వారం తరిగినవో బయటికి తెలియదు కనుక, రెండు మూడు వారాలకు ఒకసారి చొప్పున నాలుగైదు నెలల వయస్సు దాకా టీకా మళ్ళీ మళ్ళీ వేస్తారు.

గదులు కడగటానికి కూడా ఒక క్రమం ఉన్నది. మొదట ఆరోగ్యంగా ఉన్న పిల్లల గదులు, తరువాత ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కలవి, చిట్టచివర రోగులవి. తిరగవేసి చేస్తే చీపురు కట్టే రోగాన్ని మోసుకొనిపోతుంది. కొత్తగా వచ్చిన స్వచ్ఛంద సేవకులకు మొదటి రోజున నేర్పేది ఇది. కుక్కలతో ఆడుకోవచ్చునని వచ్చిన కళాశాల విద్యార్థులు ఆనాడు కొంచెం నిరుత్సాహపడటం కద్దు.

తప్పిపోయిన జంతువు పాత ఇంటికి తిరిగి పోగలిగితే అంతకంటె తక్కువ రోజుల బస మరొకటి లేదు. ఇందుకు నేడు బియ్యపుగింజంత గాజు గొట్టం తోడ్పడుతున్నది. దానిని మైక్రోచిప్ అంటారు. మెడ వెనుక చర్మం కింద సూదితో ఎక్కిస్తారు. అందులో బ్యాటరీ ఉండదు. పరికరాన్ని దగ్గరగా పట్టినప్పుడు ఆ పరికరం నుంచి వచ్చే రేడియో తరంగాల శక్తితోనే అది ఒక్క క్షణం మేలుకొని తన 15 అంకెల సంఖ్యను చెబుతుంది. 2009లో అమెరికాలోని 53 శరణాలయాల లెక్కలు తీసి చూడగా, తప్పిపోయి వచ్చిన కుక్కలలో మొత్తం మీద 22 శాతం ఇల్లు చేరగా, చిప్ ఉన్నవాటిలో 52 శాతం చేరినవి. పిల్లులలో తేడా ఇంకా ఎక్కువ: మొత్తం మీద 2 శాతం కూడా లేదు, చిప్ ఉన్నవాటిలో 38 శాతానికి పైగా. మిగిలినవి ఎందుకు చేరలేదంటే, చాలా సందర్భాలలో యజమాని ఇల్లో, టెలిఫోనో మారినా ఆ సంగతి నమోదు చేయించలేదు.

భయపడిన జంతువు

శరణాలయంలో మొదటి మూడు రోజులు కుక్కకు చాలా కష్టమైనవి. కొత్త వాసనలు, చుట్టూ ఎడతెగని మొరుగుడు, తెలిసిన మనిషి ఒక్కడూ లేడు. జంతువు భయపడినప్పుడు మూత్రపిండాల పైన ఉండే అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతవి. 1997లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పరిశోధకులు శరణాలయంలోని కుక్కల రక్తం పరీక్షించి, తొలి మూడు రోజులలో ఈ హార్మోను మిక్కిలి ఎక్కువగా ఉంటుందని, తరువాత క్రమంగా తగ్గుతుందని కనుగొన్నారు. కార్టిసాల్ చాలాకాలం ఎక్కువగా ఉంటే రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది. అంతేకాక, భయపడిన కుక్క మూలకు పోయి నక్కుతుంది. లేదా కటకటాలకు ఎగిరి మొరుగుతుంది. చూడవచ్చినవారు రెంటినీ కాదని ముందుకు పోతారు. అట్లా ఉండే రోజులు పెరుగుతవి.

భయానికి మందు తరచు చవకైనదే. 2014లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయం వారు కొత్తగా శరణాలయానికి వచ్చిన 19 పిల్లులలో కొన్నింటికి మాత్రమే దాక్కోవటానికి ఒక అట్టపెట్టె ఇచ్చినారు. పెట్టె దొరికిన పిల్లులు కొద్ది రోజులలోనే కుదుటపడినవి. దొరకనివాటికి ఎక్కువ కాలం పట్టినది. దాక్కొనే వీలున్న పిల్లికి దాక్కోవలసిన అవసరం తగ్గుతుందన్నమాట. అంగడివాడు పారవేసే అట్టపెట్టె చేసే పని ఇది.

2019లో అమెరికాలోని ఐదు శరణాలయాలలో 207 కుక్కల మీద జరిగిన మరొక పరిశోధన ఇంకా ఆసక్తికరమైనది. కుక్కను ఒకటి రెండు రాత్రులు ఒక సేవకుని ఇంటికి పంపి తిరిగి తెచ్చినారు. ఇంట్లో ఉన్నంతసేపూ మూత్రంలోని కార్టిసాల్ తగ్గినది. ఎక్కువసేపు విశ్రాంతిగా పడుకొన్నవి. తిరిగి వచ్చిన తరువాత హార్మోను మొదటి స్థాయికే వచ్చినది గాని, అంతకు మించి పెరగలేదు. ఇంటి రుచి చూపి వెనుకకు తెస్తే మరింత కుంగిపోతవేమో అన్న సందేహం దీనితో తీరినది.

కొన్నాళ్ళ ఇల్లు

ఇట్లా కొన్నాళ్ళపాటు జంతువును తమ ఇంట్లో ఉంచుకొనేవారు శరణాలయానికి చేసే సాయం డబ్బుతో కొలవరానిది. ముఖ్యంగా తల్లిలేని పిల్లికూనల విషయంలో. కళ్ళు తెరవని కూనకు రెండు మూడు గంటలకు ఒకసారి, రాత్రి కూడా, పాలు పట్టాలి. ఆవుపాలు దానికి సరిపడవు; పిల్లిపాలకు సమానంగా తయారుచేసిన పొడి కలిపి పట్టాలి. బోర్లా ఉంచే పట్టాలి. చంటిబిడ్డ వలె వెల్లకిల పడుకోబెడితే పాలు ఊపిరితిత్తులలోకి పోతవి. పాలు పట్టిన ప్రతిసారీ తడి దూదితో కింద తుడిస్తేగాని అది మలమూత్రాలు విడువలేదు. తల్లి నాలుకతో చేసే పని అది. ఒళ్ళు చల్లబడిన కూనకు ముందు వెచ్చదనం కలిగించి తరువాతనే పాలు పట్టాలి. పగలు మాత్రమే మనుషులుండే శరణాలయంలో ఇది జరిగే పని కాదు. నాలుగు వారాలు ఒక ఇల్లు దీనికి దొరికితే కూన బ్రతుకుతుంది.

కుక్కపిల్లల విషయంలో మరొక సంగతి ఉన్నది. 1961లో అమెరికాలోని బార్ హార్బర్ పరిశోధనశాలలో ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించినారు. ఎత్తైన కంచె గల పొలంలో తల్లులతోపాటు కుక్కపిల్లలను పెంచినారు. తిండి, నీళ్ళు కంచె కంతల గుండా అందేవి. మనిషి ముఖం వాటికి తెలియదు. కొన్ని పిల్లలను రెండవ వారంలో, కొన్నింటిని మూడు, ఐదు, ఏడు, తొమ్మిదవ వారాలలో బయటికి తెచ్చి, ఒక్క వారం మనుషులతో ఆడనిచ్చి మళ్ళీ పొలంలో విడిచినారు. ఇంకొన్నింటిని పద్నాలుగు వారాల దాకా అసలే తాకలేదు. ఐదు నుంచి తొమ్మిది వారాల మధ్య మనిషిని ఎరిగినవి త్వరగా మచ్చికైనవి. పద్నాలుగు వారాలు నిండిన పిల్లలు మాత్రం అడవి జంతువుల వలె ప్రవర్తించినవి. తరువాత ఎంత లాలించినా వాటి బెదురు పూర్తిగా పోలేదు. మచ్చికకు ఒక కాలం ఉన్నదని, అది మూడవ వారంలో మొదలై మూడు నెలలకు ఇంచుమించు మూసుకొంటుందని దీనివల్ల తేలినది.

శరణాలయానికి ఇందులో చిక్కు ఉన్నది. అంటురోగాల భయంతో పిల్లలను ఒంటరిగా ఉంచితే మచ్చిక కాలం గడచిపోతుంది. బయట తిప్పితే పార్వో భయం. ఒక శుభ్రమైన ఇల్లు రెంటికీ సమాధానం. అక్కడ పిల్ల మిక్సీ చప్పుడు వింటుంది, పసిపిల్లలను చూస్తుంది, చేటతో బియ్యం చెరిగే అవ్వను చూస్తుంది. వేటికీ బెదరని కుక్క అవుతుంది. అటువంటి కుక్కకు ఇల్లు దొరకటం తేలిక.

ఎనిమిది నిమిషాలు

దత్తత కోసం వచ్చిన మనిషి తనకు నచ్చిన కుక్కతో ఎంతసేపు గడిపి నిర్ణయం చేసుకొంటాడు? 2014లో ఫ్లారిడా విశ్వవిద్యాలయం పరిశోధకులు గడియారం పట్టుకొని చూస్తే, సగటున ఎనిమిది నిమిషాలు. పదేండ్ల సహవాసానికి ఎనిమిది నిమిషాల పెండ్లిచూపులు. ఆ కొద్దిసేపటిలో కుక్క చేసే నానావిధమైన పనులలో రెండు మాత్రమే మనిషి మనస్సును నిర్ణయించినవి: అతని పక్కన వచ్చి పడుకోవటం, అతడు ఆటకు పిలిచినప్పుడు పట్టించుకొనటం. పట్టించుకోనిదానిని వదలిపెట్టినారు. తోక ఊపటం, మీదికెక్కటం మొదలైనవి లెక్కకు రాలేదు.

గదిలోంచి అప్పుడే బయటపడిన కుక్క మనిషి పక్కన పడుకొంటుందా? మైదానమంతా పరుగులు తీస్తుంది, గడ్డి వాసన చూస్తుంది. కనుక సేవకులు ముందుగానే దానిని తిప్పి తెస్తారు. ఏ బొమ్మ అంటే దానికి ఇష్టమో ముందే కనిపెట్టి ఉంచుతారు. పెద్ద మైదానంలో గాక చిన్న ఆవరణలో, పలుపు వేసి, ఆ బొమ్మతో పరిచయం చేయిస్తారు. తరువాత తినుబండారం చూపి మనిషి పక్కన పడుకోబెడతారు. ఇట్లా చేసినప్పుడు దత్తతలు గణనీయంగా పెరిగినవని 2016లో ఆ పరిశోధకులలో కొందరే చూపినారు. ఇది మోసం కాదా అని ఎవరైనా అడగవచ్చును. కటకటాల వెనుక మొరిగే కుక్క ఇంట్లో ఎట్లా ఉంటుందో తెలియదు. నడక తరువాత కుదుటపడిన కుక్కే అసలు కుక్కకు దగ్గర.

ఫోటో తీయటం కూడా ఇటువంటి పనే. మోకాళ్ళ మీద కూర్చుని, కుక్క కళ్ళ ఎత్తులో, వెలుతురులో తీసిన బొమ్మ వేరు. నిలబడి కటకటాల మధ్య నుంచి తీసినది వేరు. పక్కన రాసే మాటలు సూటిగా ఉండాలి: ‘మూడేండ్లది. పిల్లలతో కలిసి ఉంటుంది. పిల్లులను తరుముతుంది. ఒంటరిగా నాలుగు గంటలు ఉండగలదు.’ కుక్క దీనగాథ చదివి కన్నీరు పెట్టుకొనేవారు ఎక్కువ, తీసుకొనేవారు తక్కువ. తన ఇంట్లో అది ఇముడుతుందా లేదా అన్నది తెలిసినవాడే ముందుకు వస్తాడు.

తీసుకొనేవారిని అడిగే ప్రశ్నలు కూడా అట్లాంటివే. ఇల్లు సొంతమా, అద్దెదా? అద్దెదైతే యజమాని ఒప్పుకొన్నాడా? ఇంట్లో అందరికీ సమ్మతమేనా? పగలు ఎవరుంటారు? సెలవులకు ఊరికి పోతే ఎవరు చూస్తారు? పూర్వం కొన్ని సంస్థలు ఈ ప్రశ్నలను కోర్టులో వకీలు అడిగినట్లు అడిగి, యోగ్యులైనవారిని కూడా తరిమివేసేవి. వారు పోయి అంగడిలో పిల్లను కొనుక్కొనేవారు. శరణాలయం కుక్క ఉన్నచోటనే ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల పరీక్షించటం కంటె కలిసి ఆలోచించటానికి ప్రాధాన్యం ఇస్తున్నారు.

మన దేశంలో

పైన చెప్పినదంతా మన ఊళ్ళకు అట్లాగే వర్తించదు. ఇక్కడ యజమాని లేని కుక్కలలో చాలా భాగం పుట్టుకతోనే వీధివి. అన్నింటికీ ఇండ్లు వెతకటం అసాధ్యం. ప్రపంచంలో రేబీస్ వల్ల సంభవించే మరణాలలో మూడవ వంతుకు పైగా మన దేశంలోనివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందువల్ల మన శరణాలయాలకు రెండు పనులున్నవి: వీధికుక్కలకు శస్త్రచికిత్స, రేబీస్ టీకా, ఇంటికి తగినవాటికి ఇల్లు.

మొదటి పనికి మార్గదర్శకులు మద్రాసువారు. 1959లో కెప్టెన్ వి. సుందరం, ఆయన భార్య ఉషా సుందరం ప్రారంభించిన బ్లూ క్రాస్ సంస్థ 1964లోనే, చంపటానికి బదులు సంతాన నిరోధం అన్న పద్ధతిని ముందుకు తెచ్చినది. నగరపాలక సంస్థ దానిని చేపట్టినది 1996లో. జయపురంలో 1994 నుంచి 2002 వరకు ఒక సంస్థ ఈ విధంగా 19 వేలకు పైగా కుక్కలకు శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే విడువగా, ఆ ప్రాంతంలో కుక్కల సంఖ్య 28 శాతం తగ్గినది. మనుషులలో రేబీస్ కేసులు అక్కడ సున్నకు వచ్చినవి. 2001లోను, తిరిగి 2023లోను కేంద్ర ప్రభుత్వం చేసిన నియమాలు ఈ పద్ధతినే విధించినవి. శస్త్రచికిత్స జరిగిన కుక్కకు గుర్తుగా చెవి చివర కొద్దిగా కత్తిరిస్తారు.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల వ్యవహారంలో ఇచ్చిన ఉత్తరువులో దత్తతను గూర్చి కూడా ఒక మాట ఉన్నది. ఇష్టమున్నవారు పురపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకొని వీధికుక్కను దత్తత తీసుకోవచ్చును. అది మళ్ళీ వీధికి రాకుండా చూసే బాధ్యత వారిదే. అదే సంవత్సరం నవంబరు 7న పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు స్టాండ్లు మొదలైన ఆవరణల నుంచి కుక్కలను శరణాలయాలకు తరలించాలని, తిరిగి అక్కడ విడువరాదని ఉత్తరువు వచ్చినది. కుక్కలు వచ్చే సంఖ్య పెరిగి, పోయే దారి పెరగకపోతే ఏమవుతుందో లిటిల్ సూత్రం తెలిసినవారు చెప్పగలరు.

హైదరాబాదులో 1992లో అమల అక్కినేని ప్రారంభించిన బ్లూ క్రాస్ ఈ రెండు పనులూ చేస్తున్నది. మన నగరాల శరణాలయాలలో దత్తతకు ఉండేవి ముఖ్యంగా మూడు రకాలు: తల్లి చనిపోయిన పిల్లలు, ప్రమాదంలో కాలు పోయి వీధిలో బ్రతకలేనివి, యజమానులు వదలివేసిన జాతి కుక్కలు. ఈ మూడవ రకం మన నిర్వాకమే. మంచు నేలల్లో బండి లాగటానికి పెంచిన హస్కీకి ఒంటి నిండా రెండు పొరల బొచ్చు. దానిని మే నెలలో మూడవ అంతస్తు వాటాలో ఉంచితే అది ఏమి కావాలి? దేశవాళీ కుక్కకు పొట్టి వెంట్రుకలు, సన్నని ఒళ్ళు, ఈ ఎండకు తట్టుకొనే అలవాటు తరతరాలుగా వచ్చినవి. అయినా శరణాలయానికి వచ్చినవారిలో ఎక్కువమంది ముందు అడిగేది ఏ జాతి అని.

శరణాలయంలో సేవ చేయదలచిన విద్యార్థులు ముందుగా తాము రేబీస్ టీకా వేయించుకోవాలి. గోరు గీరుకొన్నా, పన్ను దిగినా పారే నీళ్ళతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే వైద్యుని వద్దకు పోవాలి. వీధిలో ముద్దుగా కనిపించిన పిల్లను తల్లి నుంచి ఎనిమిది వారాలైనా నిండకుండా ఎత్తుకొని రాకూడదు.

ఇల్లు చేరిన తరువాత కూడా సేవకుల పని కొంత మిగిలే ఉంటుంది. మొదటి కొద్ది రోజులలో కుక్క తలుపు సందు దొరికితే పారిపోతుంది. ఆ వీధి దానికి తెలియదు కనుక తిరిగి రాలేదు. అందుచేత మెడపట్టీ బిగువుగా ఉన్నదా, దాని మీద టెలిఫోను సంఖ్య ఉన్నదా అని చూసి పంపుతారు. చుట్టాలను పిలిచి చూపవద్దని, ఒక మూల చాప వేసి దాని మానాన దానిని వదలమని, శరణాలయంలో తిన్న తిండినే కొన్నాళ్ళు పెట్టమని చెబుతారు. మూడవ రోజున ఒకసారి, మూడవ వారంలో ఒకసారి పలకరిస్తారు. ఒక్కొక్కప్పుడు కుక్క తిరిగి వస్తుంది. తీసుకొన్నవారిని తిట్టిపంపే శరణాలయానికి ఆ కుక్కను గురించి ఏమీ తెలియదు. కూర్చోబెట్టి అడిగిన శరణాలయానికి, అది పసిపిల్లలు పరుగెత్తితే బెదురుతుందని, పెద్దవారి మంచం పక్కన మాత్రం రాత్రంతా కదలక పడుకొంటుందని తెలుస్తుంది. ఆ రెండు సంగతులు దాని కార్డు మీద రాసి, ఈసారి వృద్ధ దంపతుల ఇల్లు వెతుకుతారు.